కప్పు వాసాల లెక్క: కొలతాడు నుండి కంప్యూటరు వరకు

తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాణ్ణి తెలుగువారు కృతఘ్నుడంటారు. కాని ఆ ఇల్లు కట్టిన వడ్రంగికి వాసాలు లెక్కపెట్టక గత్యంతరం లేదు. ఎన్ని వాసాలు కావలెను, ఒక్కొక్కటి ఎంత పొడవు ఉండవలెను, ఏ కొసను ఏ కోణంలో కోయవలెను అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికిన తరువాతనే రంపం కలప మీద పెట్టవలెను. ఈ జవాబులు రాబట్టే పద్ధతికి దీర్ఘమైన చరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో కడపటి ఘట్టం కంప్యూటరు తెర మీద నడుస్తున్నది.

ఈ విషయాన్ని తెలుసుకొనుటకు కోనసీమకంటె తగిన చోటు లేదు. గౌతమి, వసిష్ఠ అను గోదావరి పాయల నడుమ ఉన్న ఈ ప్రాంతంలో వర్షం అధికం, ఎండ తీవ్రం, సముద్రపు గాలి నిత్యం. ఇక్కడ ఇంటికి గోడకంటె కప్పు ముఖ్యం. పైరుకు కూడ కప్పు అవసరమే. అంబాజీపేట కొబ్బరి సంతకు వచ్చే కురిడీ సంగతి చూడండి. ముదురు కొబ్బరికాయలను నీడపట్టున, నేల చెమ్మ తగలని అటక మీద నెలల తరబడి నిలువ ఉంచితే, లోపలి నీరు ఇగిరి, కొబ్బరి టెంకనుండి విడిపోయి, గుండుగా తయారవుతుంది. అదే కురిడీ. ఇన్ని నెలలలో కప్పు ఒక్కచోట కారినా కాయకు బూజు పడుతుంది. కావున అమలాపురం, కొత్తపేట, రాజోలు ప్రాంతాలలో కొబ్బరి నిలువచేసే షెడ్డు కప్పు రైతుకు ఏడాది ఆదాయంతో సమానమైన విషయం.

అట్టి షెడ్డు ఒకటి ఉన్నదనుకొందాము. దాని వెడల్పు 16 అడుగులు. గోడ పైఅంచుకన్న నడికొప్పు 6 అడుగులు ఎత్తు. కొప్పు పొడవునా వేసే దూలాన్ని వెన్నుగాడి అంటారు. ప్రతి వాసం గోడ మీది పట్టెపై ఒక కొస ఆనించుకొని, వెన్నుగాడి మీద రెండవ కొస ఆనించుకొంటుంది. గోడనుండి వెన్నుగాడి వరకు అడ్డుకొలత వెడల్పులో సగం, అనగా 8 అడుగులు. నిలువు కొలత 6 అడుగులు. ఎనిమిది వర్గం 64, ఆరు వర్గం 36, వెరసి 100. దాని వర్గమూలం 10. వాసం పొడవు 10 అడుగులు. గోడకు వెలుపల చూరు 2 అడుగులు రావలెనన్నచో అదే నిష్పత్తిలో మరి రెండున్నర అడుగులు కలపవలెను.

ఉన్నత పాఠశాల విద్యార్థికి ఇది పైథాగరస్ సిద్ధాంతంగా తెలుసు. పైథాగరస్ పేరు వినని వడ్రంగులకు కూడ ఇది తెలుసును. యజ్ఞవేదికలు నిర్మించేవారి కొరకు రచించిన బౌధాయన శుల్బసూత్రంలో దీర్ఘచతురస్రపు కర్ణానికీ భుజాలకూ గల సంబంధం స్పష్టంగా చెప్పబడినది. శుల్బమంటే తాడు. మూడు, నాలుగు కొలతల భుజాలు గల క్షేత్రం ఆ గ్రంథపు ఉదాహరణలలో ఒకటి. పైన చెప్పిన షెడ్డు కొలతలు వాటికి రెట్టింపులే. క్రీస్తు శకం తొమ్మిదవ శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహంలో క్షేత్రగణితానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉన్నది. ఆ గ్రంథాన్నే పదకొండవ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాలలోనికి తెచ్చినాడు. కవిత్రయం భారతం పూర్తికాక మునుపే తెలుగులో గణితశాస్త్రం ఉన్నదన్న మాట ఉపాధ్యాయులు తరగతిలో చెప్పదగినది.

అయితే, పూర్వం పల్లెలలో పాకలు వేసేవారు ఇంత లెక్కలోకి దిగనవసరం లేకపోయినది. తాటాకు పాకకు నిట్టాడు నిలిపి, దాని మీద వెన్నుగాడి ఎక్కించి, తాటిపట్టెలను ఇరువైపులా జారవేసి, కొప్పు దగ్గర ఒకదానిపై ఒకటి దాటించి కొబ్బరి తాడుతో బిగించేవారు. పట్టె జానెడు ఎక్కువైతే చూరు దగ్గర కోసివేయవచ్చు. కొంచెం వంకర ఉన్నా ఆకు కప్పివేస్తుంది. కుమ్మరి సారె మీద చేసి, నిలువునా రెండుగా చీల్చి కాల్చిన గూనపెంకు కూడ ఓర్పుగలదే. ఒకదానిపై ఒకటి బోర్లించి, వెల్లకిలా వేసి సర్దుకొనవచ్చును.

ఈ ఓర్పు లేనిది యంత్రపు పెంకు. బాసెల్ మిషనుకు చెందిన గెయోర్గ్ ప్లెబ్స్ట్ 1865లో మంగుళూరులో నేత్రావతి ఒడ్డున పెంకుల కర్మాగారం స్థాపించినాడు. అచ్చులో నొక్కి కాల్చిన ఈ బల్లపరుపు పెంకులు కొద్ది దశాబ్దాలలో దేశమంతటా వ్యాపించినవి. వీటిని ఆంధ్రదేశంలో మంగుళూరు పెంకులనీ, బెంగుళూరు పెంకులనీ అంటారు. పెంకు అడుగున ఉన్న కొక్కెం వాసాలపై అడ్డంగా కొట్టిన రీపరుకు తగులుకొంటుంది. పక్క అంచులోని గాడి పక్క పెంకులో ఇముడుతుంది. ప్రతి పెంకూ ఒకే కొలత కాబట్టి రీపర్ల మధ్య ఎడం అంతటా ఒకటే కావలెను, వాసాల పైముఖాలన్నీ ఒకే తలంలో ఉండవలెను. ఒక వాసం అంగుళం ఎత్తుగా కూర్చున్నదంటే అక్కడ గాడులు విడిపోయి, వాన లోపలికి వస్తుంది. కర్మాగారంలోని కచ్చితం ఆ విధంగా పెంకుతో పాటు పల్లె వడ్రంగి పనిలోనికి ప్రవేశించినది. ఇంటి కప్పుల చరిత్రలో ఇది చిన్న మార్పు కాదు.

అసలు కష్టం మూలల దగ్గర ఉన్నది. కోనసీమలో పెంకుటిళ్ళకు తరచు నాలుగు వైపులా వాలు ఉంటుంది. అప్పుడు ప్రతి మూలనుండి కొప్పు కొసకు ఒక మూలవాసం ఏటవాలుగా వెళ్ళవలెను. దాని పొడవెంత? ఇక్కడ నేల మీద కొలత 8 అడుగులు కాదు. 8 అడుగుల చతురస్రానికి కర్ణం, అనగా 11.31 అడుగులు. ఎత్తు మాత్రం ఆ 6 అడుగులే. కాబట్టి పొడవు 64, 64, 36 కలిపిన 164కు వర్గమూలం: 12.81 అడుగులు. ఒకే సిద్ధాంతాన్ని రెండుసార్లు ప్రయోగించినట్లయినది. మామూలు వాసం నేలతో దాదాపు 37 డిగ్రీల కోణం చేస్తుండగా మూలవాసం 28 డిగ్రీలే చేస్తుంది. రెండూ ఒకే కప్పులోనివి, వాలులు మాత్రం వేరు.

మూలవాసానికి ఇరుపక్కలా వచ్చి తగిలేవి పొట్టివాసాలు. రెండేసి అడుగుల ఎడంలో వేస్తే, పది అడుగుల నిండువాసం తరువాత ఇవి ఏడున్నర, ఐదు, రెండున్నర అడుగులుగా తగ్గుతూ వస్తవి. తరగతిలో అంకశ్రేఢికి ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు. ఇక వీటి కొస కోత సంగతి. ఇంటి ప్లానులో మూలవాసం గోడతో 45 డిగ్రీలు చేస్తుంది కాబట్టి పొట్టివాసం పైముఖం మీద కూడ 45 డిగ్రీలకే గీత గీయవలెనని కొత్తగా పని నేర్చుకొనేవాడు అనుకొంటాడు. కోసి పైకెత్తి పెట్టిన తరువాత సందు కనబడుతుంది. కప్పు వాలు తలంలో చూడగా చూరు వెంబడి 8 అడుగులు, వాలు వెంబడి 10 అడుగులు. కాబట్టి కోత గీత వాసపు పొడవుతో చేసే కోణం 38 డిగ్రీల 40 నిమిషాలు. అంతేకాదు, నాలుగు మూలలకు కావలసిన 24 పొట్టివాసాలలో సగం కుడిచేతివి, సగం ఎడమచేతివి. అన్నీ ఒకేవైపు కోసినవాడికి పన్నెండు ముక్కలు వంటచెరకుగా మిగులుతవి.

మండువా లోగిలిలో ఈ చిక్కు తలకిందులవుతుంది. నడుమ ఆకాశానికి తెరచిన చతురస్రం, దాని చుట్టూ లోపలికి వాలిన నాలుగు కప్పులు. ఇక్కడ రెండు వాలులు కలిసే మూల మిట్ట కాదు, పల్లం. రెండు కప్పుల నీరు ఆ పల్లపు మూలలోనికే దిగుతుంది. లెక్క ప్రకారం పొడవు మూలవాసం పొడవే, కాని కోతలన్నీ ఎదురు దిశలో పడతవి. పైగా ఈ వాసం పొట్టివాసాల బరువును మోయవలెను గనుక దళసరిగా ఉండవలెను. మండువా ఇంటిలో మొదట చీకిపోయే కలప ఏదని అడిగితే అనుభవం గల వడ్రంగి ముందు ఈ మూలలనే చూస్తాడు.

వర్గమూలాలు తీయని మేస్త్రీలు ఈ పని ఎట్లు చేసినారు? గీసి చేసినారు. సమతలంగా చదును చేసిన నేల మీద నిజమైన కొలతలతో త్రిభుజం గీసి, దాని మీద కలప పెట్టి గుర్తులు తీసుకొనవచ్చును. మూలవాసానికి ఉపాయం ఇంకా చక్కనిది. ప్లానులోని కర్ణం మీద, ఒక కొసన 6 అడుగుల లంబం లేపి, ఆ నిలువు త్రిభుజాన్ని నేల మీదికి పడుకోబెట్టినట్లు గీస్తే, అసలు పొడవు కళ్ళ ఎదుట ఉంటుంది. ఫ్రాన్సు దేశపు వడ్రంగులు మధ్యయుగాలనుండి ఇదే పని నేల మీద గీతలతో చేస్తూ వచ్చినారు. వారి గీత విద్యను యునెస్కో 2009లో మానవజాతి వారసత్వపు జాబితాలో చేర్చినది. ఈ చేతిపనిలోని కిటుకులకు శాస్త్రరూపం ఇచ్చినవాడు గాస్పార్ మోంజ్. మెజియేర్ సైనిక పాఠశాలలో కోటగోడల లెక్కలను గీతలతో తేల్చివేసినందుకు ఆయన పద్ధతిని కొంతకాలం సైనిక రహస్యంగా దాచి ఉంచినారు. విప్లవానంతరం 1795లో పారిస్‌లో ఆయన బహిరంగంగా బోధించినాడు. ఒక ఘనవస్తువును పైనుండి ఒక చిత్రం, ఎదుటినుండి ఒక చిత్రం గీసి, ఆ రెంటినుండి అసలు పొడవులను, కోణాలను రాబట్టే ఈ విద్య ఇంజనీరింగు కళాశాలలన్నిటిలో మొదటి పాఠమయినది.

కంప్యూటరు సహాయంతో నమూనా గీసే పద్ధతికి, అనగా క్యాడ్‌కు, ఇది నేరుగా పూర్వికం. 1963లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో ఐవన్ సదర్లండ్ అనే విద్యార్థి తన పరిశోధన కొరకు స్కెచ్‌ప్యాడ్ అను ప్రోగ్రాము తయారుచేసినాడు. టి.ఎక్స్.-2 అనే కంప్యూటరు తెర మీద కాంతికలంతో గీతలు గీయవచ్చును. గీయడంకన్న గొప్ప సంగతులు రెండు అందులో ఉన్నవి. మొదటిది, ఈ రెండు గీతలు సమానం కావలెను, ఈ రెండు లంబంగా ఉండవలెను అని నియమం విధిస్తే, యంత్రం బొమ్మను సర్ది ఆ నియమాన్ని నిలుపుతుంది. రెండవది, ఒక మూలచిత్రం గీసి దాని ప్రతులను ఎన్నైనా పెట్టవచ్చును. మూలాన్ని మార్చితే ప్రతులన్నీ మారతవి. వాసాల కప్పుకు కావలసినవి సరిగా ఈ రెండే. తరువాత ఈ విద్య విమానాల, కార్ల కర్మాగారాలలోని పెద్ద యంత్రాలకే పరిమితమై చాలాకాలం ఉన్నది. 1982లో ఆటోక్యాడ్ వెలువడుటతో అది బల్లమీది చిన్న కంప్యూటరుకు దిగివచ్చినది. నేడు ఫ్రీక్యాడ్ వంటివి ఉచితంగానే లభిస్తున్నవి. ఆసక్తి గల ఉన్నత పాఠశాల విద్యార్థి కొద్ది వారాలలో షెడ్డు నమూనా తయారుచేయగలడు.

ఆ నమూనా తయారీ ఇట్లుంటుంది. మొదట వెడల్పు, ఎత్తు, చూరు, వాసాల ఎడం అను నాలుగు అంకెలకు పేర్లు పెట్టవలెను. పక్కనుండి చూచినట్లు ఒక్క వాసపు ఆకారం గీసి, గోడపట్టె మీద కూర్చునే గాడితో సహా ఆ కొలతలకు కట్టివేయవలెను. దానికి దళసరి ఇచ్చి ఘనరూపం చేసి, కొప్పు వెంబడి రెండేసి అడుగులకు ఒకటి చొప్పున ప్రతులు వేయవలెను. తరువాత అద్దంలో నీడవలె రెండవ వైపుకు తిప్పవలెను. కుడి, ఎడమ కోతల తికమక ఇక్కడ ఉండదు. కలప చాలక యజమాని కొప్పు ఎత్తును 6 నుండి 5 అడుగులకు తగ్గించమన్నాడనుకొందాము. ఒక్క అంకె మార్చగానే వాసం 9 అడుగుల 5 అంగుళాలకు, మూలవాసం 12 అడుగుల నాలుగున్నర అంగుళాలకు, పొట్టివాసాలు వాటికి తగినట్లుగా మారిపోతవి. చేతితో అయితే నేల మీది గీతలన్నీ చెరిపి మళ్ళీ గీయవలెను.

అయితే గీతను కలప అనుకొంటే మోసం వస్తుంది. పైన వేసిన లెక్కలో వెన్నుగాడికి దళసరి లేదు. అది మూడంగుళాల దళసరి అయితే, వాసం దాని నడిమి గీత దాకా పోలేదు. అంగుళంన్నర ముందే ఆగిపోవలెను. వాలు మీద ఆ తగ్గింపు దాదాపు రెండంగుళాలు. నమూనాలో రెండు ఘనరూపాలు ఒకదానిలో ఒకటి దూరి ఉన్నా తెర అభ్యంతరం చెప్పదు. కలప మాత్రం దూరనివ్వదు.

కలప స్వభావం కూడ తెలియవలెను. భద్రాచలం వైపు అడవులనుండి గోదావరి మీద తెప్పలుగా వచ్చిన టేకు కలిగినవారి ఇళ్ళకు చేరినది. సామాన్యులకు తాడి, కొబ్బరి మానులే దిక్కు. ఈ రెండూ ఏకదళబీజాలు. టేకు మానులో వలె వీటికి వార్షిక వలయాలు ఉండవు, చేవ నడుమ ఉండదు. గట్టి నారకట్టలు మాను వెలుపలి భాగంలో దట్టంగా ఉండి, లోపలికి పోయేకొద్దీ పలచబడతవి. కొబ్బరి మాను అంచున ఘనమీటరు కలప 600 కిలోలకు పైగా తూగుతుండగా నడుమ 400కు లోపే తూగవచ్చును. ఒకే మానునుండి కోసిన రెండు వాసాలు తెర మీద కవలలే. భారం మోసేటప్పుడు ఒకటి గట్టిది, ఇంకొకటి బెండు. అందుచేతనే ముదురు మాను మొదటి భాగంనుండి, బయటి అంచునుండి వాసం తీయవలెనంటారు.

ఇంతవరకు చెప్పిన లెక్క అంతా బరువు క్రిందికి దిగుతుందన్న నమ్మకం మీద ఆధారపడినది. ఆ నమ్మకం 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమలో వమ్మయినది. కాకినాడకు దక్షిణంగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో తీరం దాటిన తుఫాను గంటకు 145 కిలోమీటర్ల వేగంతో వీచినట్లు వాతావరణ శాఖ అంచనా. కాట్రేనికోన, ఐ.పోలవరం, ముమ్మిడివరం ప్రాంతాలు ఘోరంగా దెబ్బతిన్నవి. రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా మరణించినారు. లక్షల కొబ్బరి చెట్లు కూలినవి, లక్షల ఇళ్ళు దెబ్బతిన్నవి.

గాలి కప్పును ఎట్లు లేపుతుందో చూడవలెను. గాలి పీడనానికి ఇంజనీర్లు వాడే సూత్రం సులభమైనది: సెకనుకు మీటర్లలో వేగాన్ని వర్గంచేసి 0.6తో హెచ్చిస్తే, చదరపు మీటరుపై పీడనం న్యూటన్లలో వస్తుంది. గంటకు 145 కిలోమీటర్లంటే సెకనుకు సుమారు 40 మీటర్లు. పీడనం 960 న్యూటన్లు, అనగా చదరపు మీటరుకు 98 కిలోల బరువుతో సమానం. కప్పు మీదుగా జారే గాలి పైకి పీలుస్తుంది. ఒక వైపు తెరచి ఉన్న షెడ్డులో అయితే లోపలికి దూరిన గాలి క్రిందనుండి ఎత్తుతుంది కూడ. రీపర్లతో సహా మంగుళూరు పెంకు కప్పు బరువు చదరపు మీటరుకు సుమారు 65 కిలోలు. పైన లెక్కించిన పన్నెండున్నర అడుగుల వాసం ఒక్కటి 25 చదరపు అడుగుల కప్పును, అనగా సుమారు 2.3 చదరపు మీటర్లను మోస్తుంది. పీడనమంతా పైకి పనిచేస్తుందనుకొంటే దాన్ని పైకి లాగే బలం 227 కిలోలు, క్రిందికి ఆపే పెంకుల బరువు 151 కిలోలు. మిగిలిన 76 కిలోలను ఏది ఆపవలెను? వాసాన్ని గోడపట్టెకు, గోడపట్టెను గోడకు బిగించిన బందులే. పెంకు తీసివేసి రేకు వేసినప్పుడు కప్పు బరువు చదరపు మీటరుకు పది కిలోల లోపునకు పడిపోతుంది. అప్పుడు అదే గాలికి ఒక్కొక్క వాసం వద్ద పైకి లాగే బలం రెండు వందల కిలోలు దాటుతుంది. తేలిక కప్పు చవక అనుకొని పాత మేకులతోనే సరిపెట్టినవారికి ఈ తేడా కనబడదు.

భారతీయ ప్రమాణాల ప్రకారం ఈ తీరంలో లెక్కకు తీసుకొనవలసిన మౌలిక వేగం సెకనుకు 50 మీటర్లు, అనగా గంటకు 180 కిలోమీటర్ల విసురు. వేగం పావువంతు పెరిగితే పీడనం సగానికి పైగా పెరుగుతుంది. తుఫాను ప్రాంతాలలోని చిన్న ఇళ్ళ కొరకు 2004లో ఐ.ఎస్. 15498 అను ప్రత్యేక మార్గదర్శకం కూడ వెలువడినది. వాసాలను ఇనుప పట్టీలతో, బోల్టులతో గోడదాకా బంధించుట అందులోని ముఖ్యమైన అంశాలలో ఒకటి. రెండు వైపుల వాలుకన్న నాలుగు వైపుల వాలు గాలికి బాగా తట్టుకొంటుందని ఇంజనీర్లు కనుగొన్నారు. పొట్టివాసాల కోత ఎంత కష్టమైనా కోనసీమ పాత పెంకుటిళ్ళు ఆ ఆకారాన్నే ఎక్కువగా ఎన్నుకొన్నవి.

క్యాడ్ నమూనాలో గోడపట్టె మీద వాసం కూర్చున్న చోట తెరను పెద్దదిచేసి చూస్తే, రెండు ముఖాలు తాకుతూ ఉంటవి, అంతే. తాకుట వేరు, పట్టుకొనుట వేరు. షెడ్డు నమూనా గీసేవారు ఆ కూడలిలో ఇనుప పట్టీని, బోల్టును, గోడలోనికి దిగే కడ్డీని కూడ ఘనరూపాలుగా గీసి, కలప జాబితాతోపాటు వాటినీ లెక్కించవలెను. ముప్పై వాసాల షెడ్డుకు ముప్పై పట్టీలు, వాటికి తగిన బోల్టులు కొనుగోలు పట్టీలో కనబడినప్పుడే అవి కప్పుకు చేరతవి.

ఉపాధ్యాయులు ఈ పాఠాన్ని బడి వసారాలోనే ఆరంభించవచ్చును. పెంకు కప్పు గాని రేకు కప్పు గాని ఉన్న వసారాలో విద్యార్థులచేత అడ్డుకొలత, నిలువుకొలత తీయించి, వాసం పొడవును లెక్కకట్టించి, ఆపైన నిచ్చెన వేసి పెద్దలచేత టేపుతో కొలిపించవలెను. రెండు అంకెలూ సాధారణంగా ఒక అంగుళమో రెండంగుళాలో తేడాగా వస్తవి. ఆ తేడా వెన్నుగాడి దళసరివలన వచ్చినదా, గాడి లోతువలన వచ్చినదా, వాసం వంగినందువలన వచ్చినదా అని వెతికించవలెను. వాసం గోడకు ఏమి ఆధారంతో బిగింపబడి ఉన్నదో నిచ్చెన మీద ఉన్నప్పుడే చూచి రాసుకొనవలెను.